శ్రావణంలో బిగుసుకునే మూత

గోదావరి డెల్టాలో పాత టేకు తలుపులున్న ఇంట్లో పెరిగిన ఎవరికైనా ఒక సంగతి తెలుసు. వైశాఖంలో వేలితో తోస్తే తెరుచుకునే తలుపును శ్రావణానికల్లా భుజం పెట్టి నెట్టాల్సి వస్తుంది. మాఘం నాటికి అది తనంతట తానే వదులవుతుంది. దాన్ని వడ్రంగి తప్పు అని ఇంట్లో ఎవరూ అనరు. వానలకు ఉబ్బింది అంటారు, మరీ ఇబ్బందైతే మేస్త్రీని పిలిపించి అంచు కాస్త చిత్రిక పట్టిస్తారు. అదే ఇంటి మనిషి సరదాపడి ఒక చిన్న నగల పెట్టె చేసి, దాని మూత తొలకరి తర్వాత ఇరుక్కుపోతే మాత్రం చెప్పే కారణం మారిపోతుంది. ‘నా చేతికి ఈ పని రాదు’ అంటారు. ముప్ఫై ఏళ్ళ అనుభవమున్న మేస్త్రీ చేసిన తలుపుకు ఇచ్చిన మినహాయింపును తమ మొదటి పెట్టెకు ఇచ్చుకోరు. నేను చెప్పదలచుకున్నది ఇదే: కొత్తగా చెక్క పని మొదలుపెట్టినవాళ్ళు చేతకానితనంగా లెక్కేసుకునే వాటిలో పెద్ద భాగం తెలియనితనమే. చేతి నేర్పుకు నెలలూ ఏళ్ళూ పడుతుంది. తెలియాల్సిన విషయం మాత్రం ఒక సాయంత్రంలో తెలుస్తుంది. ఈ రెంటినీ విడదీసి చూడలేనివాళ్ళు మొదటి పెట్టెతోనే రంపాన్ని అటకెక్కిస్తారు. అది అన్యాయమైన తీర్పు, దాన్ని మార్చడానికే ఈ అధ్యాయం.

ముందు ఆ తెలియాల్సిన విషయం చూద్దాం. పచ్చి చెట్టు కోసినప్పుడు చెక్క నిండా నీరు ఉంటుంది. కణాల ఖాళీల్లో ఉన్న నీరు ముందుగా పోతుంది, అప్పటిదాకా చెక్క కొలత మారదు. తేమ సుమారు 30 శాతానికి దిగాక కణాల గోడల్లో ఇమిడి ఉన్న నీరు బయటికి రావడం మొదలవుతుంది, చెక్క కుంచించుకోవడమూ అక్కడే మొదలవుతుంది. ఆరిపోయాక కథ ముగిసిందనుకోవడం పొరపాటు. ఆరిన చెక్క ఆ తర్వాత జీవితాంతం చుట్టూ ఉన్న గాలితో ఇచ్చిపుచ్చుకుంటూనే ఉంటుంది. గాలిలో తేమ 50 శాతం ఉన్న గదిలో చెక్క తేమ సుమారు 9 శాతం దగ్గర నిలుస్తుంది. గాలి తేమ 80 శాతానికి పెరిగితే 15, 16 శాతానికి ఎక్కుతుంది. రాజమండ్రిలో మే నెల మధ్యాహ్నం వీచే పడమటి వడగాలికీ, కోనసీమలో ఆగస్టు ముసురుకీ మధ్య ఎంత తేడా ఉందో ఇక్కడివాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన నాటి నుంచి కాలువలతో, చేలలో నిలిచే నీటితో బతుకుతున్న ప్రాంతం ఇది. ఇక్కడి చెక్క ఏటా ఉబ్బి, ఏటా తగ్గి తీరుతుంది.

ఆ కదలిక అన్ని దిక్కులా ఒకేలా ఉంటే చిక్కే లేదు. పెట్టె మొత్తం ఒక్కతీరున పెరిగి ఒక్కతీరున తగ్గేది. చెక్క అలా చేయదు. నార వెంట, అంటే చెట్టు ఎదిగిన దిక్కున, కదలిక దాదాపు లేనట్టే. నారకు అడ్డంగా మాత్రం కదులుతుంది, అందులోనూ రెండు రకాలున్నాయి. వార్షిక వలయాల వెంబడి వచ్చే కదలిక, వలయాలను దాటుతూ మధ్య నుంచి బెరడు వైపుగా వచ్చే కదలికకు సుమారు రెట్టింపు. టేకు మిగతా కలపలతో పోలిస్తే బుద్ధిమంతురాలు, అయినా పూర్తి పచ్చి నుంచి పూర్తిగా ఎండేసరికి వలయాల వెంబడి 5, 6 శాతం తగ్గుతుంది. అంటే చెక్క తేమ ఒక శాతం మారితే వెడల్పు సుమారు 0.2 శాతం మారుతుందన్నమాట. ఇప్పుడు 5 అంగుళాల వెడల్పు తీసుకోండి, అది 127 మిల్లీమీటర్లు. ఎండాకాలానికీ వానాకాలానికీ మధ్య చెక్క తేమ 5 శాతం మారితే ఆ వెడల్పులో వచ్చే తేడా మిల్లీమీటరుంబావు. వినడానికి చిన్న అంకె. కానీ గోరు కూడా దూరనంత బిగువుగా మూతను అమర్చడమే పనితనం అనుకునే కొత్తవాళ్ళు ఆ మిల్లీమీటరుంబావుకు చోటే వదలరు.

నగల పెట్టెలో ఈ సంగతి ఎందుకంత తీవ్రమవుతుందంటే, పెట్టె ఒళ్ళు ఒక దిక్కున కదులుతుంది, మూత ఇంకో దిక్కున కదులుతుంది. పెట్టె నాలుగు పక్కల పలకల్లోనూ నార అడ్డంగా, పెట్టె చుట్టూ తిరిగినట్టు ఉంటుంది. కాబట్టి పక్కలు ఉబ్బితే ఎత్తులో ఉబ్బుతాయి, పెట్టె నోరు వెడల్పు మాత్రం మారదు. మూత అలా కాదు. అది ఒక పలక, దాని నార పొడవు వెంట ఉంది, కనుక వెడల్పులో ఉబ్బుతుంది. నోరు అంతే ఉండి మూత పెరిగితే ఇరుక్కోక ఏం చేస్తుంది? ఇక్కడ రంపం వంకరగా పోలేదు, ఉలి జారలేదు, కొలత తప్పలేదు. ఎంత గొప్ప మేస్త్రీ చేసినా, చోటు వదలకుండా చేస్తే ఆ మూత శ్రావణంలో బిగుసుకుంటుంది.

ఈ విషయం మన ప్రాంతానికి కొత్త కాదు, పుస్తకాల్లోంచి దిగుమతి కావలసిన అవసరమూ లేదు. పాత మండువా లోగిళ్ళ తలుపులను దగ్గరగా చూడండి. మందమైన చట్రం ఉంటుంది, చట్రం లోపలి అంచున గాడి ఉంటుంది, మధ్య పలక ఆ గాడిలో కూర్చుని ఉంటుంది. పలకకూ చట్రానికీ మధ్య బిగింపు లేదు. పలక వానకు ఉబ్బితే గాడి లోపలికి జరుగుతుంది, ఎండకు తగ్గితే బయటికి వస్తుంది, చట్రం కొలత చెదరదు. ఎడ్లబండి నడిచిన రోజుల్లో ఎండలు ముదిరితే చక్రం చెక్క తగ్గి ఇనుప పట్టా వదులయ్యేది. అప్పుడు చక్రాన్ని నీళ్ళలో నానబెడితే ఉబ్బి పట్టా మళ్ళీ బిగిసేది. కాకినాడ దగ్గర కోరంగి 1839 నవంబరు తుపానుకు ముందు పేరున్న రేవు, ఓడలు కట్టిన చోటు. ఆ పక్కనే తాళ్ళరేవులో చెక్క పడవల పని ఆ తర్వాతా సాగింది. పడవ పలకలు నీటికి ఉబ్బి ఒకదాన్నొకటి నొక్కుకోవడం పడవకు మేలే. సందుల్లో కూరిన నూలును ఆ ఒత్తిడే గట్టిగా పట్టి ఉంచుతుంది. తలుపు చేసినవాళ్ళు ఉబ్బుకు చోటు వదిలారు, బండి తోలినవాళ్ళూ పడవ కట్టినవాళ్ళూ అదే ఉబ్బును పనికి వాడుకున్నారు. ఉబ్బును ఆపాలని మాత్రం వీళ్ళెవరూ చూడలేదు. మన మొదటి పెట్టె కూడా వీళ్ళ దారిలోనే నడవాలి.

కలప దగ్గర మొదలుపెడదాం. ఏజెన్సీ అడవుల టేకు గోదావరి మీద తెప్పలుగా రాజమండ్రి చేరిన కాలం పోయింది కానీ, టేకు ఇప్పటికీ ఇక్కడి అడితుల్లో దొరుకుతుంది, ఖరీదుగానే దొరుకుతుంది. నగల పెట్టెకు కావలసింది మూరెడు ముక్కలు గనుక దుంగ కొననక్కర్లేదు. ఫర్నిచర్ పని చేసే షెడ్లలో మిగిలే కోత ముక్కలు చాలు. అంతకంటే మంచి దారి ఇంకోటుంది. పాత ఇళ్ళు విప్పినప్పుడు వచ్చే కలపను విడిగా అమ్ముతారు, అందులో చేవ దేరిన టేకు ముక్కలు వెతకండి. రంపం పెట్టేముందు మేకులున్నాయేమో అయస్కాంతంతో చూసుకోవాలి, అంతే జాగ్రత్త. పాత కలప కదలదని కొందరు గట్టిగా నమ్ముతారు, అది నిజం కాదు. నూరేళ్ళ తలుపులు కూడా ఏటా బిగుసుకుంటూనే ఉన్నాయి కదా. పాత కలపతో లాభం వేరే ఉంది: కొత్త దుంగను కోసినప్పుడు వచ్చే వంపులు అప్పటికే వచ్చి పోయి ఉంటాయి. టేకు అందకపోతే కాలువగట్ల మీద కనిపించే నిద్రగన్నేరు మంచిదే, వేప చేవ కూడా మంచిదే. మామిడి చవక, చిత్రిక కూడా బాగానే పడుతుంది, కానీ పురుగు తొందరగా పడుతుంది. కోనసీమలో ఉంటూ కొబ్బరి కలప ఎందుకు వాడకూడదని అడగవచ్చు. దాని బయటి భాగం రాయిలా ఉండి పనిముట్ల పదును తినేస్తుంది, లోపలి భాగం మెత్తన, కాబట్టి మొదటి పెట్టెకు వద్దు. ఎర్రచందనం జోలికి అసలు పోవద్దు, అది చట్టంతో ముడిపడిన కలప. పలక ఎంచేటప్పుడు దాని చివర చూడండి. వలయాల గీతలు పలక మందంలో నిలువుగా నిలబడి ఉంటే వెడల్పులో కదలిక తక్కువ. గీతలు అడ్డంగా పడుకుని ఉంటే కదలిక దాదాపు రెట్టింపు, పైగా పలక దోనెలా వంగుతుంది. నిలువు గీతల ముక్కను మూతకు దాచుకోండి, మిగిలినవి పక్కలకు సరిపోతాయి.

కొన్న రోజే కోయడం మొదలుపెట్టడం కొత్తవాళ్ళు చేసే అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు అని నా అభిప్రాయం. పలకలను ఇంటికి తెచ్చి, పెట్టె చివరికి ఏ గదిలో ఉంటుందో ఆ గదిలోనే, మధ్యలో సన్నటి బద్దలు అడ్డం పెట్టి పేర్చి, గాలి తగిలేలా వదిలేయండి. ఎండలో పెట్టవద్దు, చివరలు ముందు ఎండి పగులుతాయి. ఎన్నాళ్ళు ఆగాలన్న ప్రశ్నకు రోజుల లెక్క చెప్పడం కంటే తూకం చెప్పడం నయం. వంటింటి త్రాసు మీద పలకను తూచి, బరువును దాని మీదే పెన్సిలుతో రాయండి. 3 అడుగుల పొడవు, మూడున్నర అంగుళాల వెడల్పు, అర అంగుళం మందం ఉన్న టేకు పలక ముప్పావు కిలోకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. అందులోంచి 5 శాతం తేమ పోతే 30 గ్రాములకు పైగా బరువు తగ్గుతుంది, ఆ తేడా త్రాసుకు బాగా తెలుస్తుంది. వారం వారం తూచండి, బరువు మారడం ఆగిందంటే చెక్క ఆ గది గాలితో సమాధానపడింది. ఈ ఒక్క పనికి నేర్పు అక్కర్లేదు, ఓపిక చాలు, ఫలితం మాత్రం పదేళ్ళ అనుభవమంత ఉంటుంది. కాలం ఎంచుకునే వీలుంటే సంక్రాంతి తర్వాత పని పెట్టుకోండి. గాలి మరీ తడిగా, మరీ పొడిగా లేని రోజులవి, చెక్క కొలత రెండు కొసలకూ మధ్యలో ఉంటుంది.

ఇక తయారీ. బయటి కొలత 9 అంగుళాల పొడవు, 6 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల ఎత్తు పెట్టుకోండి, పలక మందం అర అంగుళం. పొడుగు పక్కలు రెండు, 9 అంగుళాలవి. పొట్టి పక్కలు రెండు, 5 అంగుళాలవి, ఇవి పొడుగు పక్కల మధ్యలో కూర్చుంటాయి. పెట్టె నోరు 8కి 5 అంగుళాలు వస్తుంది. ఒక అంచును చిత్రికతో తిన్నగా చేసుకుని, కొలతలన్నీ ఆ అంచు నుంచే మూలమట్టంతో గీయండి. గీత మీద కోయకుండా, గీతకు బయట వృథా వైపు రంపం నడిపి, మిగిలిన వెంట్రుకవాసిని చిత్రికతోనో గరుకు కాగితంతోనో సరిచేయండి. ఎదురెదురు పక్కలు ఒకే పొడవు ఉండడం ముఖ్యం. 9 అంగుళాలకు ఒక మిల్లీమీటరు తగ్గినా పెట్టెకు నష్టం లేదు, రెండూ ఒకేలా తగ్గాలి, అంతే. మూలల్లో పొట్టి పలక కొస వచ్చి పొడుగు పలకకు తగులుతుంది. కొస వైపు చెక్క జిగురును పీల్చేస్తుంది కాబట్టి జిగురొక్కటే నమ్మదగింది కాదు. ముందు పలచగా ఒక పూత పూసి పీల్చుకోనిచ్చి, మళ్ళీ పూసి అతికించండి. ఆరాక బయటి నుంచి ఒక్కో మూలకు మూడు సన్నటి బెజ్జాలు వేసి, జిగురు అద్దిన వెదురు చీలలు కొట్టి, పైకి మిగిలిన ముక్కలు కోసేయండి. ఇక్కడ చీలలు చెక్క కదలికకు అడ్డం రావు, ఎందుకంటే నాలుగు పక్కలూ ఎత్తులో కలిసే కదులుతాయి. అతికించిన వెంటనే, జిగురు ఆరకముందే, ఒక మూల నుంచి ఎదుటి మూలకు రెండు దిక్కులా టేపు పెట్టి కొలవండి. రెండూ సమానమైతే పెట్టె మూలమట్టంగా ఉన్నట్టు. తేడా ఉంటే పొడుగు వచ్చిన దిక్కున చేత్తో నొక్కితే సర్దుకుంటుంది. అడుగుకు 4 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వాడండి. లోపల కింది అంచున సన్నటి బద్దలు అతికించి, వాటి మీద ప్లైవుడ్‌ను పరిస్తే గాడి తీసే పనిముట్టు కొనక్కర్లేదు.

మూత దగ్గర నిదానించండి. అది 9న్నరకు 6న్నర అంగుళాల ఒకే పలక. నాలుగు వైపులా పావు అంగుళం బయటికి రావడంతో చిన్న చిన్న ఎగుడుదిగుళ్ళు కనబడవు. మూత జారిపోకుండా అడుగున బద్దలు అతికించాలి, అసలు తప్పు జరిగేది ఇక్కడే. అందానికో బలానికో నాలుగు వైపులా చట్రంలా బద్దలు అతికిస్తారు. నారకు అడ్డంగా అతికిన బద్దలు మూతను కదలనివ్వవు. కదలనివ్వని పలక ఒంగుతుంది, లేదా ఎండాకాలంలో నడిమధ్య పగులుతుంది. కాబట్టి బద్దలు రెండే పెట్టండి, రెండూ నార వెంట, పొడుగు దిక్కున. ఒక్కో బద్ద పొడవు 8 అంగుళాలకు ఒక మిల్లీమీటరు తక్కువ ఉంటే మూత పొడుగు దిక్కున కూడా జారదు, ఆ దిక్కున చెక్క కదలదు గనుక అంత బిగువు పరవాలేదు. వెడల్పు దిక్కున మాత్రం బద్దల బయటి అంచులకూ పెట్టె గోడలకూ మధ్య చోటు వదలాలి. ఎండాకాలంలో చేస్తే రెండు వైపులా కలిపి 2 మిల్లీమీటర్లు, మాఘంలో చేస్తే ఒకటిన్నర, వానాకాలంలో చేస్తే అర మిల్లీమీటరు చాలు, అప్పటికే చెక్క ఉబ్బి ఉంటుంది కనుక. మొదటి పెట్టెకు మడత బందులు, గొళ్ళెం వద్దు. వాటికి కావలసిన ఖచ్చితత్వం వేరు, దాన్ని రెండో పెట్టెకు ఉంచుకోండి.

ఇన్ని లెక్కలకు బదులు ఫెవికాల్ దండిగా పూసి బిగిస్తే చెక్క కదలదు కదా అని అడిగేవాళ్ళుంటారు. మంచి జిగురు అతుకు చెక్క కంటే బలంగా ఉంటుందన్నది నిజమే. ఆ బలం వల్లనే చిక్కు వస్తుంది. అతుకు వదలదు, చెక్క ఆగదు, అందుకని అతుకు పక్కనున్న చెక్క పగులుతుంది. పాలిష్ వేస్తే తేమ దూరదన్నది ఇంకో మాట. లక్క పాలిష్ గానీ వార్నిష్ గానీ తేమ రాకపోకలను నెమ్మదింపజేస్తుంది, ఆపలేదు. ఒకటి రెండు రోజుల ముసురు నుంచి కాపాడుతుంది, రెండు నెలల వర్షాకాలం నుంచి కాపాడదు. పైగా అందం కోసం మూత పైభాగానికి మాత్రమే పాలిష్ వేసి అడుగు భాగం వదిలేస్తే రెండు ముఖాలూ వేరు వేరు వేగాలతో తేమ పీల్చి మూత వంగుతుంది. రెండు ముఖాలకూ అన్నే పూతలు వేయండి. పెట్టె లోపల నూనె పూయవద్దు, మూసి ఉంచిన చోట అది ముక్కిపోయిన వాసన కొడుతుంది. జిగురు, పాలిష్ వాసనలు పూర్తిగా పోయేదాకా ఓ వారం మూత తీసి ఉంచి, ఆ తర్వాతే మఖమలు పరిచి నగలు పెట్టండి.

అంతా ప్లైవుడ్‌తోనే చేసేస్తే ఈ బాధే ఉండదన్న మాటకు బలముంది. ప్లైవుడ్‌లో పొరలు ఒకదానికొకటి అడ్డంగా అతికి ఉంటాయి, ఒక పొర కదలికను ఇంకో పొర పట్టి ఉంచుతుంది. అందుకే అడుగుకు అదే వాడమన్నాను. కానీ పెట్టె మొత్తం దానితో చేస్తే అంచుల్లో పొరలు కనబడతాయి, వాటిని దాచడానికి పట్టీలు అతికించాలి. చిత్రిక పట్టడం, నార చదవడం నేర్చుకునే అవకాశమూ పోతుంది. వాడుకోవడానికి పెట్టె కావాలంటే ప్లైవుడ్ తప్పు కాదు, పని నేర్చుకోవాలంటే చెక్క తప్పదు. బజారులో ఇంతకంటే నగిషీ పెట్టె ఇంతకంటే తక్కువకు వస్తుందన్నదీ నిజమే. కూలీ లెక్క వేసుకుంటే మన పెట్టె ఎప్పటికీ గిట్టుబాటు కాదు. పనికి పూనుకునేవాళ్ళు డబ్బు మిగుల్చుకోవాలని కాక చేయడం తెలుసుకోవాలని పూనుకోవాలి. ఆ స్పష్టత లేకపోతే మొదలుపెట్టకపోవడమే మంచిది.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం వేరే ఉంది. చేతులు తిరిగితే లెక్కలు వాటంతట అవే వస్తాయి, మేస్త్రీలు శాతాలు చదివి పని నేర్చుకున్నారా అని. మేస్త్రీ శాతాలు చదవలేదు గానీ, చిన్నప్పటి నుంచి ఒకరి పక్కన కూర్చుని ఏ పలక ఎప్పుడు ఏం చేస్తుందో ఏళ్ళ తరబడి చూశాడు. ఆ చూపులో ఈ లెక్కలన్నీ ఉన్నాయి. ఆదివారం మాత్రమే రంపం పట్టే ఉద్యోగికీ, పిల్లలు బడికి వెళ్ళాక తీరిక చేసుకునే గృహిణికీ ఆ ఏళ్ళు లేవు. ఆ లోటును ఇలాంటి లెక్కలే కొంత పూడుస్తాయి. విశాఖపట్నంలో 18వ శతాబ్దంలో దంతం పొదిగిన పెట్టెలు చేసి ఈస్టిండియా కంపెనీవాళ్ళ ఇళ్ళకు పంపిన పనివాళ్ళున్నారు. వాటిలో కొన్ని ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ పైపని, దంతం మీద చెక్కి నల్ల లక్క నింపిన ఆ లతలు, తరాల సాధన లేనిదే రావు. అలాంటి నేర్పు మనకు లేదని ఒప్పుకోవడంలో చిన్నతనం లేదు. కానీ మూతకు మిల్లీమీటరున్నర చోటు వదలడానికి తరాల సాధన అవసరం లేదు. ఆ రెండో రకం లోటును మొదటి రకంగా పొరబడి, పని వదిలేసుకోవడమే నాకు బాధ కలిగించే విషయం.

కాబట్టి పెట్టె పూర్తయ్యాక దాన్ని బోర్లించి, అడుగున పెన్సిలుతో మూడు సంగతులు రాయండి: ఏ కలప, ఏ నెలలో చేశారు, మూతకు ఎంత చోటు వదిలారు. శ్రావణంలో ఒకసారి, వైశాఖంలో ఒకసారి మూత తీసి ఆ చోటు ఎంతుందో కొలిచి పక్కనే రాయండి. మీ ఊళ్ళో, మీ గదిలో, మీ కలప ఏడాదికి ఎంత కదులుతుందో అప్పుడు మీ దగ్గరే లెక్క ఉంటుంది. రెండో పెట్టెకు మడత బందులు బిగించేముందు ఆ అంకెలు చూసుకోండి.